ఒక కర్ర, ఒక సుద్దముక్క, ఒక మేడ: నీడతో ఋతువులనూ పగటి నిడివినీ కొలిచే పద్ధతి

"ఎండాకాలంలో సూర్యుడు భూమికి దగ్గరగా వస్తాడు కదా?" పెద్దవాళ్లు కూడా నమ్మకంగా అడిగే ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకాల్లో భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీయడంతో వచ్చిన చిక్కు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అతి దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో. మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లోనే సూర్యుడు దగ్గర!

మరి ఋతువులు ఎందుకు మారుతున్నాయో పిల్లలకు ఎలా చూపించాలని టీచర్లు, తల్లిదండ్రులు అడుగుతూనే ఉంటారు. బొమ్మలతో, వీడియోలతో కాకుండా సొంత కొలతలతో చూపించే దారి ఒకటి ఉంది. ఖర్చు రెండు మూడు వందల రూపాయలకు మించదు. ఓపిక మాత్రం ఏడాది పాటు కావాలి, అదీ నెలకు ఒకటి రెండు మధ్యాహ్నాలే, కొన్ని నెలల్లో వారానికి ఒకటి.

1. మొదలుపెట్టే ముందు తెలియాల్సింది

భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఏడాది పొడవునా ఆ వాలు ఒకే దిక్కుకు ఉంటుంది కాబట్టి, కొన్ని నెలలు ఉత్తరార్ధగోళం సూర్యుడి వైపు ఒరిగి ఉంటుంది, కొన్ని నెలలు దక్షిణార్ధగోళం. దీనివల్ల మన చోట రెండు మార్పులు వస్తాయి.

- మధ్యాహ్నపు ఎండ ఎంత నిటారుగా పడుతుందనేది మారుతుంది.
- పగలు ఎంతసేపు ఉంటుందనేది మారుతుంది.

ఈ రెండింటినీ కొలవడమే మన పని. మొదటిదానికి కర్ర నీడ కావాలి. రెండోదానికి గడియారం, తూర్పు పడమరలు తెరిపిగా కనిపించే చోటు కావాలి.

2. సామగ్రి

- నేల నుంచి కొన వరకు సరిగ్గా 100 సెం.మీ. ఎత్తు వచ్చే తిన్నని కర్ర లేదా ముప్పావు అంగుళం పీవీసీ పైపు
- పైపును నిలబెట్టడానికి పళ్లెంలో పోసిన సిమెంటు దిమ్మ, లేదా బరువైన చెక్క పీట
- మేస్త్రీలు వాడే తూకం గుండు (దారానికి బరువైన నట్టు కట్టినా చాలు), రసమట్టం (స్పిరిట్ లెవెల్)
- సుద్దముక్కలు, చెరగని గుర్తులకు కొద్దిగా పెయింటు
- టేపు, మూడు మీటర్ల సాగని దారం
- గట్టి అట్టముక్కలు రెండు, నోటుపుస్తకం, ఫోను

కర్ర ఎత్తు 100 సెం.మీ. ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. నీడ 86 సెం.మీ. వస్తే నిష్పత్తి 0.86 అని కాగితం కలం లేకుండానే తెలుస్తుంది. మేడ చిన్నదైతే 50 సెం.మీ. కర్ర వాడి, నీడను రెట్టింపు చేసుకోండి.

ఇసుక బకెట్‌లో కర్ర గుచ్చడం సులువే కానీ, బకెట్ మొదట్లో పడే పొట్టి నీడను మింగేస్తుంది. మే, జూన్ నెలల్లో నీడంతా బకెట్ మీదే పడుతుంది. అందుకే పల్చని దిమ్మ మంచిది.

3. చోటు ఎంచుకోవడం

ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు వరకు పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, పక్కింటి గోడల నీడ పడని చోటు కావాలి. కర్రకు ఉత్తరాన కనీసం మీటరున్నర ఖాళీ ఉండాలి, ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ భాగం మన నీడ ఉత్తరానికే పడుతుంది.

ఇక మట్టం సంగతి. వాననీళ్లు జారిపోవాలని మేడలకు వాటం ఇస్తారు. కంటికి తెలియని ఆ వాలు కొలతను పాడుచేస్తుంది. రసమట్టం పెట్టి చూసి, వాలు ఎక్కువగా ఉంటే ఒక పెద్ద ప్లైవుడ్ పలకను పరిచి, అడుగున అట్టముక్కలు దూర్చి మట్టం చేసుకోండి.

4. కర్ర నిలబెట్టడం

నేల మీద ముందుగా పెద్ద కూడిక గుర్తు గీయండి. దాని మధ్య బిందువు కేంద్రంగా దారంతో రెండు వృత్తాలు గీయండి. డిసెంబరు, జనవరి నెలల్లో అయితే 110 సెం.మీ., 130 సెం.మీ. వ్యాసార్ధాలు సరిపోతాయి. ఆ తర్వాతే దిమ్మను తెచ్చి, కర్ర సరిగ్గా మధ్య బిందువు మీదకు వచ్చేలా పెట్టండి. ముందే దిమ్మ పెట్టేస్తే వృత్తానికి కేంద్రం దొరకదు.

తూకం గుండును కర్ర పక్కన వేలాడదీసి రెండు వైపుల నుంచి చూడండి: ఒకసారి దక్షిణం నుంచి, ఒకసారి తూర్పు నుంచి. ఒక వైపు నుంచే చూస్తే కర్ర మరో వైపు ఒరిగి ఉన్నా తెలియదు. కొన ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగితే నీడ కూడా దాదాపు సెంటీమీటరు తప్పుతుంది.

నీడ అంచు మసకగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కాబట్టి అది సహజమే. కొన మీద అట్టముక్కను అడ్డంగా అతికించి, మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. రంధ్రం నేల నుంచి 100 సెం.మీ. ఎత్తున, మధ్య బిందువుకు నిటారుగా పైన ఉండాలి. నీడ మధ్యలో చిన్న వెలుగుచుక్క పడుతుంది. దాని నడిబొడ్డున గుర్తు పెడితే మసక అంచుతో పేచీ ఉండదు.

5. మధ్యాహ్నరేఖ గీయడం

ఈ మార్గదర్శి మొత్తంలో తొందరపడకూడని మెట్టు ఇది. ఉత్తర దిక్కు తప్పితే ఆ తర్వాత కొలిచే ప్రతిదీ తప్పుతుంది. ఫోనులోని దిక్సూచిని నమ్మకండి. స్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని అటూఇటూ లాగుతాయి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏదైనా తేటగా ఉన్న రోజు ఎంచుకోండి. అప్పుడు నీడ పొడవుగా ఉంటుంది, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తికి చేరువగా పోతున్నప్పుడు నీడ నిమిషాల్లో పడమర నుంచి తూర్పుకు తిరిగిపోతుంది, దిక్కు పట్టుకోవడం కష్టం.

క్రమం ఇది:

1. ఉదయం 9:45 కల్లా మేడ మీద ఉండండి. నీడ అప్పటికి పెద్ద వృత్తానికి అవతల ఉంటుంది.
2. నీడ పొట్టిదవుతూ వచ్చి పెద్ద వృత్తాన్ని తాకిన చోట గుర్తు పెట్టండి. హైదరాబాద్‌లో డిసెంబరు నెలాఖరుకు ఇది పది గంటల ప్రాంతంలో జరుగుతుంది.
3. చిన్న వృత్తాన్ని తాకినప్పుడు మరో గుర్తు పెట్టండి.
4. మధ్యాహ్నం నీడ మళ్లీ పెరుగుతూ చిన్న వృత్తాన్ని, ఆ తర్వాత పెద్ద వృత్తాన్ని దాటేటప్పుడు గుర్తులు పెట్టండి.
5. పెద్ద వృత్తం మీది రెండు గుర్తులను కలపండి. అది పడమర తూర్పు రేఖ. దాని మధ్య బిందువును కేంద్రంతో కలిపితే ఉత్తర దక్షిణ రేఖ వస్తుంది. అదే మధ్యాహ్నరేఖ.
6. చిన్న వృత్తంతోనూ ఇదే చేయండి. రెండు మధ్య బిందువులూ ఒకే గీత మీద పడితే పని కుదిరినట్టే. పడకపోతే కర్ర ఒరిగి ఉండాలి, లేదా నేల వాలి ఉండాలి.

సరిపోయిన గీతను పెయింటుతో దిద్దండి. ఇక ఏడాదంతా అది పనికొస్తుంది. దిమ్మ అంచుల గుర్తులు కూడా నేల మీద పెయింటుతో పెట్టుకుంటే కర్రను తీసి దాచి, మళ్లీ అదే చోట నిలబెట్టవచ్చు.

6. గడియారపు పన్నెండు, నీడ పన్నెండు

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పన్నెండు కొట్టగానే నీడ కొలిచి, లెక్క కుదరడం లేదని వదిలేస్తారు. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. అక్కడి నుంచి పడమరకు పోయేకొద్దీ ప్రతి డిగ్రీకి నీడ పన్నెండు 4 నిమిషాలు ఆలస్యం. హైదరాబాద్ 78.5 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి 16 నిమిషాలు. విశాఖపట్నం రేఖకు కొంచెం తూర్పున ఉంది కాబట్టి మూడు నిమిషాలు ముందే.

దీనికి తోడు మరో సవరణ. కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, అక్షం వాలి ఉండడం వల్ల సూర్యుడు గడియారంతో సరిగ్గా నడవడు.

- ఫిబ్రవరి 11 ప్రాంతం: 14 నిమిషాలు ఆలస్యం
- ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో: తేడా లేదు
- మే మధ్యలో: దాదాపు 4 నిమిషాలు ముందు
- జులై 26 ప్రాంతం: ఆరున్నర నిమిషాలు ఆలస్యం
- నవంబరు 3 ప్రాంతం: 16 నిమిషాలు ముందు

రెండూ కలపండి. హైదరాబాద్‌లో నీడ ఉత్తరాన్ని చూపేది ఫిబ్రవరి 11న సుమారు 12:30కి. నవంబరు 3న దాదాపు సరిగ్గా 12:00కి. ఒకే ఊళ్లో అరగంట తేడా!

ఈ లెక్కలన్నీ కంఠతా పట్టనవసరం లేదు. వెలుగుచుక్క మీరు గీసిన మధ్యాహ్నరేఖ మీదకు వచ్చిన క్షణమే మీ ఊరి మధ్యాహ్నం. లెక్క ఎన్నింటికి మేడ ఎక్కాలో చెబుతుంది, అంతే. తీర్పు మాత్రం గీతదే.

7. కొలత తీసి, రాసుకోవడం

అనుకున్న వేళకు పది నిమిషాల ముందే వెళ్లండి. చుక్క గీతను దాటుతుండగా కేంద్రం నుంచి దూరం కొలవండి. పుస్తకంలో ఈ ఐదూ రాయండి:

- తేదీ
- గీతను దాటిన సమయం
- నీడ పొడవు
- నీడ ఉత్తరానికా, దక్షిణానికా
- ఆకాశం ఎలా ఉంది

నాలుగోది రాయడం మరిచిపోతే మే నుంచి ఆగస్టు వరకు కొలతలు ఎందుకూ పనికిరావు.

ఒక జాగ్రత్త. మే, జూన్, జులై నెలల్లో చుక్క నేల మీద కాక దిమ్మ మీద పడవచ్చు. అప్పుడు కర్ర ఎత్తులోంచి దిమ్మ మందం తీసేయాలి. దిమ్మ 5 సెం.మీ. అయితే మీ కర్ర ఆ రోజుకు 95 సెం.మీ.

నీడను ఎత్తుతో భాగించి, ఫోనులోని సైంటిఫిక్ కాల్‌క్యులేటర్‌లో విలోమ టాంజెంట్ (tan⁻¹) తీస్తే సూర్యుడు నడినెత్తికి ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నాడో వస్తుంది. చిన్న పిల్లలైతే గ్రాఫు కాగితం మీద స్కేలుకు గీసి కోణమానితో కొలవమనండి. అర డిగ్రీ అటూఇటూగా వచ్చేస్తుంది.

100 సెం.మీ. కర్రకు రావాల్సిన మధ్యాహ్నపు నీడలు సుమారుగా ఇవి. క్రమం డిసెంబరు 21, మార్చి 20, జూన్ 21:

- తిరుపతి: 75 ఉత్తరం, 24 ఉత్తరం, 17 దక్షిణం
- హైదరాబాద్: 86 ఉత్తరం, 31 ఉత్తరం, 10.5 దక్షిణం
- విశాఖపట్నం: 87 ఉత్తరం, 32 ఉత్తరం, 10 దక్షిణం
- ఆదిలాబాద్: 94 ఉత్తరం, 36 ఉత్తరం, 6.5 దక్షిణం

పిల్లలకు వీటిని ముందే చూపించకండి. చూపిస్తే కొలత వీటి దగ్గరకే జరుగుతుంది!

8. ఏ రోజుల్లో కొలవాలి

రోజూ కొలిచినందువల్ల అదనంగా వచ్చేది తక్కువ. అయనాంతాల (డిసెంబరు 21, జూన్ 21) దగ్గర నీడ రెండు వారాల పాటు కదలనట్టే ఉంటుంది. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే విషువత్తుల (మార్చి, సెప్టెంబరు) దగ్గర మాత్రం రోజురోజుకూ తేడా తెలుస్తుంది. కాబట్టి డిసెంబరు, జూన్ నెలల్లో ఒక్కో కొలత చాలు. ఫిబ్రవరి చివర నుంచి మే వరకు, మళ్లీ ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వారానికి ఒకటి తీసుకోండి.

జూన్ 21న మబ్బు పడితే దిగులు వద్దు. జూన్ 10కీ జులై 2కీ మధ్య ఎప్పుడు కొలిచినా తేడా అర డిగ్రీ లోపే. రుతుపవనాలు రాకముందే, జూన్ రెండో వారం మొదట్లో ఒక కొలత తీసి పెట్టుకోవడం తెలివైన పని.

మార్చి 20 లేదా 21న ఒక రోజంతా, అరగంటకొకసారి చుక్కకు గుర్తులు పెట్టండి. గుర్తులన్నీ పడమర నుంచి తూర్పుకు తిన్నని గీతగా వస్తాయి. డిసెంబరులో ఇదే పని చేస్తే గీత వంపు తిరిగి కొసలు ఉత్తరానికి పోతాయి, జూన్‌లో దక్షిణానికి.

డిసెంబరు, జూన్ కొలతలు రెండూ చేతికి వచ్చాక అసలు లెక్క చేయండి. హైదరాబాద్‌లో డిసెంబరు కోణం 40.8 డిగ్రీలు, జూన్ కోణం 6 డిగ్రీలు, కానీ వ్యతిరేక దిక్కున. రెండూ కూడి సగం చేస్తే 23.4. అది భూమి వాలు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసి సగం చేస్తే 17.4. అది మీ ఊరి అక్షాంశం. పుస్తకంలో చదివిన అంకె మేడ మీద సుద్దగీతల్లోంచి బయటికి వస్తుంది.

ఆదిలాబాద్‌లో ఒకరు, తిరుపతిలో ఒకరు ఒకే రోజు కొలవగలిగితే ఇంకా మంచిది. సూర్యకిరణాలు అంత దూరం నుంచి దాదాపు సమాంతరంగా వస్తాయి కాబట్టి, కోణాల్లో వచ్చే ఆరు డిగ్రీల తేడా భూమి గుండ్రదనానిదే. ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు వేసుకుని దూరం లెక్కకట్టి, మ్యాపుతో పోల్చి చూడండి.

9. నీడ లేని రోజు

కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్యనున్న ఊళ్లలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన ఊళ్లన్నీ ఈ పట్టీలోనివే. తేదీలు ఒక రోజు అటూఇటూగా:

- తిరుపతి: ఏప్రిల్ 26, ఆగస్టు 16
- అనంతపురం: ఏప్రిల్ 30, ఆగస్టు 12
- విజయవాడ: మే 6, ఆగస్టు 7
- హైదరాబాద్: మే 9, ఆగస్టు 3
- విశాఖపట్నం: మే 10, ఆగస్టు 2
- ఆదిలాబాద్: మే 19, జులై 24

ఏప్రిల్, మే నెలల్లో వచ్చేదాన్నే నమ్ముకోండి. రెండోది సాధారణంగా మబ్బుల పాలవుతుంది. హైదరాబాద్‌లో మే 9న సుమారు 12:12కి కర్ర నీడ మాయమవుతుంది. ఒక స్టీలు గ్లాసును బోర్లించి చూపిస్తే పిల్లలకు మరీ ఇష్టం.

10. ఎండ బలాన్ని కొలవడం

10 సెం.మీ. చదరపు అట్టముక్క మధ్యలో ఒక పెన్సిలును నిటారుగా గుచ్చండి. పెన్సిలు నీడ కనిపించకుండా పోయేదాకా అట్టను తిప్పితే, అది సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు. ఇప్పుడు నేల మీద అట్ట నీడను కొలవండి.

హైదరాబాద్‌లో మే 9 మధ్యాహ్నం అది 10 సెం.మీ. పొడవే ఉంటుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం 13 సెం.మీ. దాటుతుంది. అంటే అదే ఎండ ఎక్కువ నేల మీద పరుచుకుంటోంది, ఒక్కో చదరానికి దక్కేది 76 శాతమే. అస్తమయానికి గంట ముందు కొలిస్తే నీడ 40 సెం.మీ. దాటి సాగుతుంది. జనవరిలో సూర్యుడు దగ్గరై ఇచ్చే అదనపు వెలుగు, సగటు మీద మూడు శాతం చిల్లర. ఏటవాలు వల్ల పోయేదాని ముందు అదెంత?

నీడ చెప్పేది వెలుగు లెక్క, వేడి లెక్క కాదు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అంటాం. ఆ కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, అప్పటికి సూర్యుడు తెలుగు ఊళ్ల నడినెత్తిని దాటి ఉత్తరానికి పోయి ఉంటాడు. అయినా పగలు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, ఎండిన నేల వారాల తరబడి వేడిని దాచుకుని ఉంటుంది, మబ్బు అడ్డురాదు. జూన్ 21న పగలు మరింత పెద్దదే అయినా అప్పటికి వానలు వచ్చేసి ఉంటాయి.

11. పగటి నిడివి

సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాలను నెలకు రెండుసార్లు రాసుకోండి. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అతి చిన్నది 11 గంటల 5 నిమిషాలు. మార్చి 20న పగలు సరిగ్గా 12 గంటలు రాదు, కొన్ని నిమిషాలు ఎక్కువే వస్తుంది. బింబం పై అంచు కనిపించగానే సూర్యోదయం అంటాం, పైగా గాలి కాంతిని వంచి సూర్యుడిని కొద్దిగా ముందే చూపిస్తుంది. మీ కొలత తప్పు కాదు.

మరో వింత: అతి చిన్న పగలు డిసెంబరులోనే అయినా, అన్నింటికన్నా ముందుగా పొద్దుగుంకేది నవంబరు చివర్లో, అన్నింటికన్నా ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడో వారం అటూఇటూగా. ఆరో మెట్టులోని సవరణే దీనికి కారణం.

సూర్యుడు ఉదయించే చోటు కూడా గుర్తుపెట్టండి. డిసెంబరు నుంచి జూన్ వరకు అది దాదాపు 49 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతుంది. చేయి చాచి పిడికిలి పడితే పది డిగ్రీలు, కాబట్టి ఐదు పిడికిళ్లు. వెళ్లేటప్పుడు దాటిన చోటునే తిరిగి వచ్చేటప్పుడూ దాటాలి. శ్రీకాకుళం దగ్గర అరసవల్లి ఆలయంలో మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయకిరణాలు మూలవిరాట్టును తాకేది ఇందుకే. మీ ఇంట్లోనూ ఏ కిటికీ ఎండ ఏ గోడ మీద ఏ రెండు తేదీల్లో పడుతుందో చూడండి.

12. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

- కొలతలన్నీ ఒకే శాతం ఎక్కువో తక్కువో వస్తున్నాయి: కర్ర ఎత్తును రంధ్రం వరకు మళ్లీ కొలవండి.
- ఉదయం, మధ్యాహ్నం గుర్తులు కుదరడం లేదు: కర్ర తూర్పుకో పడమరకో ఒరిగింది.
- సంక్రాంతి నుంచి నీడ తగ్గుతుందని ఎదురుచూస్తున్నారు: తగ్గడం డిసెంబరు 22 నుంచే మొదలైంది. మకర సంక్రాంతి నక్షత్రాల నేపథ్యంలో సూర్యుడి స్థానాన్ని బట్టి వచ్చేది. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల ఆ రెండు తేదీల మధ్య ఇప్పుడు 24 రోజుల దాకా దూరం ఏర్పడింది.
- వెలుగుచుక్క కనిపించడం లేదు: రంధ్రం మరీ చిన్నది, లేదా అట్ట పల్చగా ఉంది. నల్ల కాగితం అతికించండి.
- సూర్యుడిని నేరుగా చూస్తున్నారు: వద్దు. చల్లద్దాలున్నా వద్దు. ఈ పనిలో చూడాల్సింది ఎప్పుడూ నేలనే.

13. వేరే దేశంలో ఉన్నవారికి

డాలస్‌లో, లండన్‌లో, దుబాయ్‌లో నీడ లేని రోజు రాదు. ఆ ఊళ్లు కర్కటరేఖకు ఉత్తరాన ఉన్నాయి. డాలస్‌లో డిసెంబరు 21న 100 సెం.మీ. కర్రకు నీడ 149 సెం.మీ. వస్తుంది కాబట్టి వృత్తాలు పెద్దవి గీయాలి. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నపు నీడ ఏడాదంతా దక్షిణానికే, అతి పొట్టి నీడ డిసెంబరులో. సింగపూర్‌లో మార్చి, సెప్టెంబరు విషువత్తుల దగ్గరే సూర్యుడు నడినెత్తికి వస్తాడు.

వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాల్లో ఆ గంటను మరవకండి. అక్కడ నీడ చూపే మధ్యాహ్నం గడియారంలో ఒంటిగంట దాటాకే రావచ్చు. కాలమాన రేఖాంశం కూడా 82.5 కాదు, ఆ ప్రాంతానిది వేసుకోవాలి. మిగతా మెట్లన్నీ యథాతథం.